గేరు లేని లైసెన్సు

సావనీరుకి ఏదైనా రాయమని సంపాదకుడు మూడుసార్లు అడిగేడు. "నీ సబ్జెక్టు చరిత్ర గదా, కాకతీయుల మీద రాయరాదూ?" అన్నాడు. కాకతీయుల మీద రాసినవాళ్ళు మన లైబ్రరీలోనే నాలుగు బీరువాల నిండా ఉన్నారు. వాళ్ళెవరికీ తెలియని చరిత్ర నా దగ్గర ఒక్కటే ఉంది. అది 2022 డిసెంబరు 18, ఆదివారం నాటిది. అందులో రాజుల్లేరు. రెండు కిరాయి మోటారు సైకిళ్ళూ, నలుగురు మనుషులూ, ఒక దాచిపెట్టిన సంగతీ ఉన్నాయి. దాచింది ఒక్కణ్ణే అని చాలా రోజులు అనుకున్నాను గానీ, తీరా చూస్తే ఇద్దరం.

అసలు పేర్లు రాస్తే కొట్టేట్టున్నారు గనక మిత్రుల్ని బిరుదులతోనే పరిచయం చేస్తాను. కరీంనగర్ నుంచి వచ్చిన ఎమ్మెస్సీ మాథ్స్ వాడు 'లెక్కలు'. ఖమ్మం వాడు, జాగ్రఫీ చదివేవాడు, 'భూగోళం'. పాలమూరు వాడు, తెలుగు ఎమ్.ఏ., క్లాసులో తక్కువ మాట్లాడేవాడు, 'కవి'. నాకు బిరుదు లేదు. ఈ కథ తర్వాత ఒకటి వచ్చింది గానీ అది అచ్చులో వేయదగ్గది కాదు. అప్పుడు మేమందరం పీజీ మొదటి సంవత్సరం.

ఆలోచన పుట్టింది తార్నాకలో, ఇరానీ హోటల్లో. తార్ అంటే తీగె, నాకా అంటే కాపలా చౌకీ అనీ, వెనకటికిక్కడ తోట చుట్టూ తీగె కంచె, దానికో చౌకీ ఉండేవనీ, అందువల్లే ఆ పేరనీ పెద్దలంటారు. ఇప్పుడా తోటా లేదు, ఆ తీగే లేదు. మెట్రో స్తంభాలున్నాయి, వాటి కింద మేమున్నాం. నవంబరు ఆఖరి వారం. క్యాంపస్‌లో పొద్దున్నే వాకింగుకొచ్చే పెద్దమనుషులు మంకీ క్యాపుల్లోకి మారిపోయారు. ల్యాండ్‌స్కేప్ గార్డెన్ వైపు రాళ్ళమీద నెమళ్ళు ఎండ కాచుకుంటున్నాయి. ఆర్ట్స్ కాలేజీ గులాబీ రంగు రాయి మీద ఉదయపు ఎండ పడుతుంటే క్లాసులోకి వెళ్ళబుద్ధి కావడం లేదు. ఆ భవనం తెరిచిందీ డిసెంబరులోనే, 1939 డిసెంబరు 4న. చలికాలం చూసుకునే ముహూర్తం పెట్టారేమో.

"ఈ చలిల ఎటన్నా పోవాలెరా," అన్నాడు లెక్కలు, ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుతూ. "బస్సుల కాదు. బండ్ల మీద. కిరాయికిస్తున్నరు."

ఎవరికీ సొంత బండి లేదు. హాస్టల్ వాసులం. నెలాఖరున చాయ్ కూడా సగం సగం తాగే జాతి.

ఎక్కడికి అన్న ప్రశ్న మీద నాలుగు సమావేశాలు జరిగాయి. నేను నాగార్జున సాగర్ అన్నాను. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన చోటు, మనమూ డిసెంబరులోనే వెళ్ళాలని వాదించాను. భూగోళం నోట్‌బుక్ తీశాడు. "సూర్యోదయం ఆరూ నలభై. అస్తమయం అయిదూ ముప్పావు. చేతిలో ఉన్నవి పదకొండు గంటలు. సాగర్‌కి పోను నూట యాభై, రాను నూట యాభై. ఇంక చూసేదెప్పుడు? చీకట్లో కొత్త బండి మీద హైవే ఎక్కనంటే ఎక్కను" అని తేల్చేశాడు. కవి మెల్లిగా అనంతగిరి పేరెత్తాడు. చేవెళ్ళ దారిలో రోడ్డుకిరువైపులా పాత మర్రిచెట్లు, కొన్ని వందలు, గొడుగులు పట్టినట్టుంటాయనీ, వాటి కింద నుంచి పోవాలని ఉందనీ అన్నాడు. కవి తనంతట తాను ఏదైనా అడిగింది ఆ ఒక్కసారే. కానీ తార్నాక నుంచి ఆ దారి పట్టాలంటే నగరమంతా తూర్పు నుంచి పడమటికి ఈదాలి. పొద్దున గంటన్నర, సాయంత్రం రెండు గంటలు సిగ్నళ్ళకే సరి. భూగోళం జాలిపడుతూనే కొట్టేశాడు. "మూసీ పుట్టేది అనంతగిరిలో. మనం మూసీ పోయే వైపు పోదాం. ఉప్పల్ దాటితే ఊరు దాటినట్టే."

అలా భువనగిరి ఖాయమైంది. తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి. కోట ఎక్కి దిగి, మళ్ళీ బీబీనగర్ దాకా వచ్చి, అక్కడినుంచి లోపలి దారిన పోచంపల్లి. చుట్టూ తిరిగి సాయంత్రానికి తార్నాక. మొత్తం నూట ఇరవై కిలోమీటర్లు వేసుకున్నాం.

ఈ సంగతి మా డిపార్ట్‌మెంటులో ఒక మాస్టారి చెవిన పడింది. ఆయనా ఇక్కడి విద్యార్థే. "మా రోజుల్లో కిరాయికి దొరికేది సైకిలే నాయనా. గంటకింత. పలక మీద పేరు రాసుకుని ఇచ్చేవాడు. ఆలస్యమైతే దుకాణం ముందు నిలబెట్టి అందరి ముందు అడిగేవాడు. యెజ్డీ ఉన్న సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఆయన వెనక కూర్చునే అవకాశం కోసం నోట్సులు రాసిపెట్టేవాళ్ళం" అని నవ్వారు. వెనక కూర్చోడానికి నోట్సులు రాయడమేమిటని నాకప్పుడు వింతగా తోచింది.

ఇక అసలు విషయం. రెండో సమావేశంలోనే లెక్కలు అడిగేడు. "లైసెన్సు ఎవరెవరికున్నది?"

వాడు తన చెయ్యి తనే ఎత్తుకున్నాడు. భూగోళానికి లేదు. కవి చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. నేను చెయ్యెత్తాను. అబద్ధం కాదు, లైసెన్సుంది. మా ఊళ్ళో నాన్నకి టీవీయస్ ఎక్సెల్ ఉంది. యూరియా బస్తాలూ పాల క్యానులూ నన్నూ మోసింది అదే. ఇంటర్ అయ్యాక దానిమీదే టెస్టుకి పోయి లైసెన్సు తెచ్చుకున్నాను. దానికి క్లచ్ లేదు, గేరు లేదు. పిడి తిప్పితే పోతుంది, వదిలితే ఆగుతుంది. ఆ సమావేశంలో గేరు మాట ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"అయితే ఇంకేంది, రెండు బండ్లు, ఇద్దరు డ్రైవర్లు. నా ఎనక భూగోళం, నీ ఎనక కవి," అన్నాడు లెక్కలు. కవి తలెత్తి నావైపు చూసి నవ్వాడు. వాడంత నిండుగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత పది రోజులు లెక్కల రాజ్యం. బండికి రోజుకి 800 చొప్పున 1600. ఒక్కో బండికి ఒక హెల్మెట్టు ఉచితం, రెండోదానికి 50 చొప్పున వంద. బండి లీటరుకు నలభై ఇస్తుందనుకుంటే రెండింటికీ ఆరు లీటర్లు. పెట్రోలప్పుడు 109 రూపాయల 66 పైసలు. వెరసి 2358, తలకి 589 రూపాయల 50 పైసలు. ఆ యాభై పైసలు కూడా వసూలు చేస్తానన్నాడు. డిపాజిట్ వేరే, తిరిగొచ్చే డబ్బు. తిండి ఎవడిది వాడిదే. అంకె వినగానే కవి, "వారం గడువియ్యిరి" అన్నాడు. వాడు సాయంత్రం ఆరింటికల్లా లైబ్రరీకని వెళ్ళిపోయేవాడు, అర్ధరాత్రి గానీ రూముకి చేరేవాడు కాదు. ఇంత చదివితే గోల్డ్ మెడల్ వీడిదే అని మేము గట్టిగా నమ్మేం. లైబ్రరీ ఎన్నింటికి మూస్తారో ఒక్కరం కూడా ఆలోచించలేదు.

కిరాయి బండ్ల గురించి లెక్కలు చట్టం కూడా చదివొచ్చాడు. మోటారు సైకిళ్ళు కిరాయికివ్వడానికి 1997లో కేంద్రం ఒక పథకమే పెట్టిందట. అలాంటి బండికి నంబరు పలక నల్లగా ఉండాలి, అక్షరాలు పసుపు. తెల్ల పలక ఉన్న బండిని కిరాయికిస్తే తీసుకోవద్దు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొహం చూడరు. "బండికి కాయితం, నడిపేటోనికి కాయితం, రెండూ సరిగుండాలె" అంటూ మా లైసెన్సుల ఫోటోలు పంపమన్నాడు. డిసెంబరు 14 రాత్రి నా కార్డు బయటికి తీసి, ఇంటర్ అయ్యాక మొదటిసారి దానిని చదివేను. వాహనం తరగతి అని ఉన్నచోట పొట్టి అక్షరాల్లో ఉంది: మోటారు సైకిల్, గేరు లేనిది.

చెప్పొద్దూ, చలికాలంలో చెమట పట్టింది.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. కానీ అప్పటికి మూడు వారాల నుంచి ఆ హోటల్లో నేనొక మోటారు సైకిలిస్టుని. ఘాట్ రోడ్డు మీద ఎలా వంచాలో, ఇసక మీద బ్రేకెలా వేయాలో లెక్కలుతో సమానంగా మాట్లాడాను. ఆ హోదా వదలబుద్ధి కాలేదు. పైగా నేను తప్పుకుంటే ఒక్క బండే మిగులుతుంది, ఇద్దరు మిగిలిపోతారు, యాత్ర పోతుంది. ఫోటో రేపు పంపుతానని దాటవేసి, పక్క రూమతని దగ్గర గేరుబండి అడుక్కుని, మర్నాడు తెల్లవారుజామున హాస్టళ్ళ వెనక ఖాళీ జాగాకి నెట్టుకెళ్ళేను. రెండ్రోజుల్లో నేర్చేసుకుంటే కార్డు మీద అక్షరాలెవరు చూస్తార్లే అన్నది నా ఉపాయం.

క్లచ్ వదిలాను. బండి కప్పలా ఎగిరి చచ్చింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ చచ్చింది. ఆరోసారి కదిలింది గానీ మొదటి గేరులోనే అరుస్తూ పోతోంది. రెండోది వేయబోతే న్యూట్రల్ పడి, కంగారులో యాక్సిలరేటర్ తిప్పితే అరుపు క్యాంపసంతా వినపడింది. వాకింగు పెద్దాయనొకరు ఆగి, "మెల్లగా బాబూ, అది గాడిద కాదు" అన్నారు. నెమలి ఒకటి బండమీంచి మెడ వంచి చూస్తోంది. ఏడో ప్రయత్నంలో ఎడమ పక్కకి పడ్డాను. వేగం లేదు, మోకాలి తోలు పోయింది, అంతే. లేచి బండి ఎత్తబోతుంటే వెనక సీటు కనిపించింది. దాని మీద మన్ను. ఆదివారం నాడు ఆ సీటు మీద ఒక మనిషుంటాడు. నా నవ్వు చూసి నమ్మిన మనిషి.

అయినా ఆ రోజు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. ఇది దాచి రాయడంలో అర్థం లేదు గనక రాస్తున్నాను. శనివారం మధ్యాహ్నం బండ్లు బుక్ చేయడానికి లెక్కలు ఫోన్ పట్టుకుని హోటల్లో కూర్చున్నాడు. "నీ కార్డు ఏదిరా?" అన్నాడు. జేబులోంచి తీసి బల్లమీద పెట్టేను. "ఇది ఎక్సెల్ లైసెన్సు. గేరుబండి నాకు రాదు" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. చాయ్‌లు చల్లారిపోయాయి. లెక్కలు కార్డు తిప్పి తిప్పి చూశాడు. "మరి గిన్ని రోజులు ఏం జేసినవ్‌రా? వీణ్ణి ఎనక కూసోబెట్టుకుని హైవే మీదికి పోయేటోనివా?" అన్నాడు. వాడి గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. భూగోళం నోట్‌బుక్ మూసేశాడు. ఒక బండి మీద లెక్కలూ భూగోళమూ పొండి, మేమిద్దరం ఉండిపోతామని గొణిగేను. అంటూ కవి వైపు చూడలేకపోయాను.

కవి పర్సు తీశాడు. అందులోంచి ఒక కార్డు తీసి నా కార్డు పక్కన పెట్టేడు. మోటారు సైకిల్, గేరు ఉన్నది.

"నాకు వస్తది," అన్నాడు.

"ఎప్పుడు నేర్చినవ్‌రా?" అన్నాడు లెక్కలు.

"యూనివర్సిటీకి రాకముందే. ఎనిమిది నెలల సంది రోజూ తోల్తున్న. సాయంత్రం ఆరింటి నుంచి పన్నెండు దాకా. తార్నాక, హబ్సిగూడ, నాచారం, మెట్టుగూడ. అన్నం పొట్లాలు. అది గూడ కిరాయి బండే, నెలకింతని." కాసేపాగి, "మీ హాస్టల్ గేటు కాడికి గూడ వచ్చిన. హెల్మెట్ తియ్యలే, గంతే" అన్నాడు.

లైబ్రరీ గురించి మేం వేసిన జోకులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అక్టోబరులో ఒక రాత్రి వర్షంలో ఆలస్యంగా వచ్చిన బిర్యానీ కుర్రాడి మీద గేటు దగ్గర నేను విసుక్కున్నాను. ఆ కుర్రాడు వీడేనా అని ఇప్పటికీ అడగలేదు.

"మరి మొదటి రోజే చెప్పొచ్చు గదరా. చెయ్యెత్తలేదేం?" అన్నాడు భూగోళం.

"చెయ్యెత్తితే నేనే తోలాలె గదా. రోజూ తోలుడే. హ్యాండిల్ పట్టుకుంటే పనికెక్కినట్టే ఉంటది నాకు. ఒక్క రోజు ఎనక కూసొని అటిటు చూసుకుంట పోదామనుకున్న."

బండ్లు బుక్కయ్యాయి. రెండో డ్రైవరు పేరు కవి.

ఆదివారం పొద్దున ఏడింటికి తార్నాకలో నల్ల పలకల బండ్లు రెండూ తీసుకున్నాం. తీసుకునే ముందు కవి బండి చుట్టూ తిరిగి, టైర్లు నొక్కి, బ్రేకులు చూసి, ఉన్న గీతలన్నిటికీ ఫోటోలు తీశాడు. "లేకుంటే సాయంత్రం మన మీద రాస్తరు" అన్నాడు. మూడు వారాల మా ప్రణాళికలో లేని సంగతి అది. ఉప్పల్ దాటాక పైవంతెన కోసం నిలబెట్టిన స్తంభాల మధ్య దుమ్ములో ఈదుకుంటూ నారపల్లి దాటేం. ఘట్‌కేసర్ తర్వాత చలి ఒక్కసారి చొక్కాలోకి దూరింది. టోల్‌గేటు దగ్గర మోటారు సైకిళ్ళకి డబ్బు లేదని తెలిసి లెక్కలు చెయ్యి గాల్లోకి ఊపాడు. బీబీనగర్ చెరువు మీద మంచింకా లేవలేదు.

నేను వెనక కూర్చున్నాను. నాకేం, చూడడమే పని. కవికి ముందు లారీ, అద్దంలో బస్సు, రోడ్డు మీద గుంట. తల పక్కకి తిప్పడు. వాడు కోరుకున్న సీటు మీద నేను కూర్చున్నానన్న సంగతి ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా గుర్తొస్తూనే ఉంది. చెరువు దగ్గర వాడి హెల్మెట్టుకి నా హెల్మెట్టు ఆనించి అరిచాను. "ఎడమ వైపు చెరువు. నీళ్ళు కనపడట్లేదు, పొగే కనపడుతోంది. మధ్యలో ఒక తుమ్మచెట్టు నిలబడుంది, దాని మీద తెల్ల కొంగలు."

"ఎన్ని?" అన్నాడు.

లెక్కపెట్టాను. "పదకొండు."

"చెప్పు, ఇంటున్న."

ఇక దారంతా చెప్తూనే ఉన్నాను. ఈతచెట్లకి కట్టిన కుండలు. యాసంగి నారుమడులు, చిలకపచ్చ చాపలు పరిచినట్టు. ఎండిన కందిచేను. మేకల వెనక గొంగడి కప్పుకున్న ముసలాయన. దూరంగా మొదట నీలంగా, తర్వాత బూడిద రంగుగా, చివరికి నల్లగా మీదికొచ్చిన భువనగిరి గుట్ట. గుట్ట అనకూడదు, అదంతా ఒకే రాయి, అయిదు వందల అడుగుల పైన. గొంతు బొంగురుపోయింది.

కోట మెట్లెక్కుతుంటే నా చరిత్ర నాకు తిరిగొచ్చింది. కట్టించింది చాళుక్యరాజు ఆరో విక్రమాదిత్యుడు, త్రిభువనమల్లుడని ఆయన బిరుదు, త్రిభువనగిరే భువనగిరైందని చెప్పాను. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగిన ఊరిదేనని చెప్పాను. నున్నటి రాతి మీద తాళ్ళు కట్టుకుని పిల్లలు ఎక్కడం నేర్చుకుంటున్నారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళయినా నిండని పిల్ల, మొదట నేర్చింది ఈ రాతి మీదే. ఇదంతా చెప్పి వెనక్కి తిరిగితే కవి లేడు. పైన గోడ నీడ దాటి ఎండలో, హెల్మెట్టు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. ముందురోజు రాత్రి కూడా పన్నెండు దాకా తిరిగొచ్చినవాడు. భూగోళం షెడ్యూలు ప్రకారం కోటకి గంటంపావు. లెక్కలు వాచీ చూసి, నోట్‌బుక్ తీసుకుని, 'పోచంపల్లి' ఎదురుగా ఉన్న అంకె కొట్టేసి గంట వెనక్కి రాశాడు. ఎవరం లేపలేదు.

పోచంపల్లి దారిలో రుద్రవెల్లి దగ్గర మూసీ వచ్చింది. అనంతగిరిలో పుట్టినది ఇదేనా అనిపించేట్టు నల్లగా, నురగలతో. "ఏం కనపడుతోంది?" అని కవి అడిగేడు. "నువ్వు చూడకపోతేనే మంచిది, ముక్కు మాత్రం మూసుకో" అన్నాను. నవ్వాడు. ఆ మురుగు నీటి అంచునే పచ్చగడ్డి మహా ఏపుగా ఉంది, అదొక విచిత్రం. పోచంపల్లిలో పొద్దు వాలుతుండగా వినోబా విగ్రహం చూశాం. 1951 ఏప్రిల్ 18న ఆయన భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచింది ఈ ఊళ్ళోనే. ఒక ఇంటి వాకిట్లో నూలు పోగుల్ని నేతకి ముందే ముడులు కట్టి రంగులో ముంచుతున్నారు. చీరల ధరలు విని వినయంగా బయటికొచ్చి నాలుగు దస్తీలు కొన్నాం. ఆ డబ్బు లెక్కలు ఇచ్చాడు. చరిత్రలో నమోదు కావలసిన ఘట్టం.

చీకటి పడ్డాక తార్నాక చేరేం. బండి అప్పగించేచోట కొత్త గీత ఒకటుందని డిపాజిట్‌లో కోత పెట్టబోయారు. కవి పొద్దుటి ఫోటో చూపించాడు. డబ్బు మొత్తం వచ్చింది. దిగాక వాడు, "పదకొండు కొంగలన్నవు గదా, నిజంగనే లెక్కపెట్టినవా?" అని అడిగేడు. పెట్టానన్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి వాడు ఒక కాగితం చూపించాడు, అందులో చెరువు ఉంది, కొంగలూ ఉన్నాయి. మిగతాది వాడి అనుమతి లేకుండా చెప్పను.

2023 వేసవిలో మా ఊరెళ్ళి లెర్నర్స్ తీసుకున్నాను. నెల ఆగి, గేరుబండి మీద టెస్టుకి పోయాను. మొదటిసారి కాలు కింద పెట్టానని తప్పించారు. రెండోసారి నెగ్గాను. నవంబరులో మళ్ళీ అదే హోటల్లో అదే బల్ల దగ్గర కూర్చున్నాం. కార్డు ఎవరూ అడగకముందే బల్లమీద పెట్టేను. లెక్కలు దాన్ని వెలుతురుకి పట్టి, రెండువైపులా చూసి, పెన్ను తీశాడు. ఈసారి అనంతగిరి, చేవెళ్ళ మర్రిచెట్ల దారిన. సిగ్నళ్ళకెంత టైమైనా పోనీ అని భూగోళమే అన్నాడు. నోట్‌బుక్‌లో నాలుగు పేర్లూ వరసగా రాసి, ఎవరికే పనో ఎదురుగా వేసుకుంటూ వచ్చాడు. కవి పేరెదురుగా ఒక్కటే మాట రాశాడు: 'ఎనక.'